మన నీళ్ల లెక్క మన పిల్లలే చెప్పాలి

(జిల్లా రైతు సంఘం వేసవి శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతుల కష్టాల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మాకు అప్పగించిన అంశం పిల్లల చదువు. రైతు సంఘం సభలో ఇదేం అంశం అని కొందరికి అనిపించొచ్చు. పోయిన వారం ఒక తమ్ముడు సంఘం ఆఫీసుకు వచ్చి, "అన్నా, మా పిల్ల ఇంటర్ పాసైంది. డిగ్రీల పర్యావరణ శాస్త్రం తీసుకుంటనంటది. చెట్లు నాటే చదువా అది? దానితోని ఏమొస్తది?" అని అడిగాడు. అక్కడ కూర్చున్న మా అయిదారుగురిలో ఒక్కరం కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మేమంతా పదో తరగతి దగ్గరో, ఇంటర్ దగ్గరో ఆగిపోయినవాళ్లం. కానీ ఆ చదువు చదివిన ఒక పిల్ల వల్ల మా మండలానికి జరిగిన మేలు గుర్తుకొచ్చింది. అందుకే ఈ విషయం అందరి ముందు పెట్టాలని కమిటీ అనుకుంది.

ఆరేళ్ల కిందటి మాట. మా మండలంలో ఒక రసాయన ఫ్యాక్టరీ పెడతామన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ అని పత్రికలో ప్రకటన వచ్చింది. సంఘం తరఫున ట్రాక్టర్లు కట్టుకుని నాలుగైదు వందల మందిమి వెళ్లాం. షామియానా వేశారు, పోలీసులు తాళ్లు కట్టారు. మైకు దొరికినోళ్లం దొరికినట్టు మాట్లాడాం. "మా చెరువు పాడైతది, మా గొడ్లు చస్తయి, మా పిల్లలు ఆగమైతరు" అని గొంతు పోయేదాకా అరిచాం. బాగా మాట్లాడామని ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. కొన్నాళ్లకు ఆ సభ కార్యక్రమ వివరాల కాపీ తెచ్చుకుని చూస్తే, మేం మూడు గంటలు అరిచిందంతా ఒక్క వాక్యంలో ఉంది. స్థానికులు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేసి, ఉద్యోగాలు కోరారు అని. అంతే. అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీ వచ్చింది.

మనం అబద్ధం చెప్పలేదు. మన భయం నిజమే. కానీ ఆ కాగితాల్లో నిలబడే మాట ఒక్కటీ చెప్పలేకపోయాం. అవతలి వాళ్ల చేతిలో కొన్ని వందల పేజీల నివేదిక ఉంది. దాన్నే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అంటారు. మేం ఇంగ్లీషులో ఉందని దాని అట్ట కూడా తిప్పలేదు.

మూడేళ్ల తర్వాత అదే ఫ్యాక్టరీని పెంచుతామన్నారు. మళ్లీ ప్రకటన వచ్చింది. ఈసారి మా ఊరి అమ్మాయి ఒకతె డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది, పర్యావరణ శాస్త్రం. వాళ్ల నాయనకు మూడెకరాలు, రెండు బోర్లు. ఒకటి ఎండిపోయింది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "పెదనాయనా, నివేదిక చదివిన్రా?" అని. లేదన్నాం. "మరి ఏం మాట్లాడతరు?" అంది. మా దగ్గర జవాబు లేదు.

2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నివేదిక కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థ ఆఫీసులో అందరూ చూసుకునేట్టు పెట్టాలి. దాని సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ఇవన్నీ మనకు ఉన్న హక్కులే. మేమే వాడుకోలేదు. ఆ అమ్మాయి వెళ్లి, నివేదిక సంపాదించి, పది రోజులు కూర్చుని చదివింది. తర్వాత మమ్మల్ని వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి రెండే రెండు ముక్కలు చెప్పింది.

మొదటిది నీళ్లు. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఎనిమిది చోట్ల నీళ్ల నమూనాలు తీశామని నివేదికలో రాశారు. ఆమె పటం మీద ఒక్కొక్క చోటుకూ చుక్క పెట్టింది. అన్నీ ఫ్యాక్టరీకి ఎగువన, పక్కన ఉన్నాయి. వాగు పారి మా చెరువులో కలిసే కింది వైపు ఒక్కటి కూడా లేదు. "నీళ్లు కిందికి పారుతయి గదా, కింది పక్క నమూనా ఏది?" అంది.

రెండోది గాలి. లెక్కలన్నీ చలికాలం మూడు నెలల్లో తీశారు. చలికాలంలో మా దగ్గర గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. మా ఊరు ఫ్యాక్టరీకి తూర్పున ఉంది. కాబట్టి ఆ లెక్కల ప్రకారం పొగ, వాసన మా మీదికి రావు. కానీ వానాకాలం నాలుగు నెలలు గాలి పడమటి నుంచే కదా? తూర్పార పట్టిన మనకు గాలి ఎటు నుంచి ఎప్పుడు వీస్తుందో ఒకరు చెప్పాలా? మనకు తెలిసిందే. కాకపోతే అది నివేదికలో ఏ పేజీలో, ఏ పట్టికలో తప్పిపోయిందో మనకు తెలియదు. ఆమెకు తెలిసింది.

ఆ రెండు ముక్కలూ పేజీ నంబర్లతో సహా కాగితం మీద రాసి, నలభై మంది సంతకాలతో ఇచ్చాం. సభలో అరవలేదు. ముగ్గురమే మాట్లాడాం. ఈసారి కార్యక్రమ వివరాల్లో మా అభ్యంతరాలు ఒక్కొక్కటీ నంబరు వేసి ఎక్కాయి. వాటికి కంపెనీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాల్సి వచ్చింది. దిగువన నమూనాలు తీస్తామని ఒప్పుకుంది. విస్తరణ ఇంకా తేలలేదు. గెలిచామని మేం చెప్పడం లేదు. కానీ మొదటిసారి మన మాట కాగితం మీద బతికి ఉంది.

అమ్మలారా, అన్నలారా, ఆ చదువులో ఏముంటుందో ఇప్పుడు చూద్దాం. ఆ అమ్మాయి పుస్తకాలు తిరగేసి, ఆమెనే అడిగి తెలుసుకున్నాం. చెట్లు నాటమని చెప్పే చదువు కాదు అది. నీళ్లలో ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అని పరీక్షించే రసాయన శాస్త్రం ఉంటుంది. భూమి పొరల్లో నీరు ఎలా నిలుస్తుందో, ఎలా కదులుతుందో చెప్పే పాఠం ఉంటుంది. మట్టి, పురుగులు, పక్షులు, అడవి ఉంటాయి. ఉపగ్రహం తీసిన బొమ్మ చూసి చెరువు ఎంత కుంచించుకుపోయిందో కొలిచే పని ఉంటుంది. అంకెలను సరిగా చదివే గణాంక శాస్త్రం ఉంటుంది. నీటి చట్టం, గాలి చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉంటాయి. ఇవన్నీ కలిపి చదవాలి. ఒక్క మాటలో చెప్పాలంటే, మనం రోజూ చేసే వ్యవసాయాన్నే అంకెల్లో చదవడం.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. "మా వాడు కూడా పర్యావరణం చదివిండు, అందరికీ ఉంటది గదా ఆ పేపరు" అంటారు. అది వేరు, ఇది వేరు. 1991లో సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతా వేసిన కేసులో, చదువులన్నిటిలో పర్యావరణం పాఠంగా ఉండాలని చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పేపరు పెట్టింది. అది మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కానీ చాలా కాలేజీల్లో పరీక్షకు ముందు రాత్రి గైడు బట్టీ కొట్టి రాసే పేపరు అయిపోయింది. మేం మాట్లాడేది దాని గురించి కాదు. డిగ్రీ మొత్తం ప్రధాన సబ్జెక్టుగా, ల్యాబులో చేతులు పెట్టి, పొలం గట్ల మీద తిరిగి చదివే చదువు గురించి.

ఆ చదువు మన ఇంటికి ఎలా పనికొస్తుందో ఒక లెక్క చెబుతాం. ఆ అమ్మాయి నేర్పిన లెక్కే. అందరూ రాసుకోండి.

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీళ్లు. మా దగ్గర ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. ఎకరానికి 28 లక్షల లీటర్లు. మనది రాతి నేల. పడ్డదాంట్లో సుమారు పదో వంతే లోపలికి దిగుతుంది. అంటే ఎకరం భూమి ఏడాదిలో దాచుకునేది 2 లక్షల 80 వేల లీటర్లు. ఇక యాసంగిలో బోరు కింద ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతాం. అంటే 48 లక్షల లీటర్లు. మడిలోంచి సగం మళ్లీ భూమిలోకే దిగిందనుకుందాం. అయినా 24 లక్షల లీటర్లు ఖర్చు. 24 లక్షలను 2 లక్షల 80 వేలతో భాగించండి. ఎనిమిదిన్నర ఎకరాల భూమి ఏడాదంతా దాచుకున్న నీళ్లను మనం ఎకరం యాసంగి వరికి తాగిస్తున్నాం.

ఈ లెక్క విన్న రోజు మా అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. బోరు ఎండితే జాతకం బాగాలేదనుకున్నాం. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూసేవాళ్లను పిలిచాం. అప్పు తెచ్చి మళ్లీ మళ్లీ బోరు వేశాం. వరి వేయొద్దని మేం చెప్పడం లేదు. పల్లికీ, కందికీ గిట్టుబాటు ధర రానప్పుడు రైతు వరి కాక ఏం వేస్తాడు? అది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. కానీ ఆ ప్రశ్న అడగడానికి కూడా ఈ లెక్క మన చేతిలో ఉండాలి.

చదువురాని రైతులకు ఇవన్నీ సాధ్యమా అనే వాళ్లకు ఒక ఉదాహరణ. రెండు వేల సంవత్సరం తర్వాతి దశకంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచే కార్యక్రమం నడిచింది. అందులో మన నల్లగొండ ఉంది, మహబూబ్‌నగర్ ఉంది, అనంతపురం ఉంది. ఊళ్లో వాన కొలిచే గేజీ పెట్టారు. పదిహేను రోజులకోసారి బోర్లలో తాడు దించి నీటి మట్టం చూశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని అని లెక్క కట్టి గోడ మీద రాశారు. అది చేసింది డిగ్రీలున్న వాళ్లు కాదు, మనలాంటి ఆడవాళ్లు, మగవాళ్లు. కాకపోతే పక్కన నేర్పేవాళ్లు ఉన్నారు. ఆ నేర్పేవాళ్లు మన ఊరి పిల్లలే అయితే, ప్రాజెక్టు అయిపోయినా పని ఆగదు.

ఇంకో ఉదాహరణ పటాన్‌చెరు. అక్కడ నక్కవాగు నీళ్లు రంగు మారి, గొడ్లు చచ్చి, మడులు తగలబడినట్టయితే మొదట చెప్పింది రైతులే. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్ రావు లాంటి వాళ్లు ఆ రైతుల పక్కన నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఏ ఊళ్లో ఎంత భూమి పాడైంది, నీళ్లలో ఏముంది అనే లెక్కల మీదే ఏళ్ల తరబడి కేసు నడిచింది. రైతులకు పరిహారం ఉత్తర్వులు వచ్చింది కూడా ఆ లెక్కల మీదే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, అందులో యాంటీబయోటిక్ మందులు విపరీతంగా ఉన్నాయని ప్రపంచానికి చెప్పారు. వాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ ఆలోచించండి. మన వాగు పక్క నీళ్లలో ఏముందో చెప్పడానికి సముద్రాలు దాటి మనుషులు రావాలా?

మన నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పాలా? ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచి. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని అంకె ఉంది. ఆ అంకె ఊరి మనిషికి తెలియక ఎన్ని తరాల కాళ్లు వంకరపోయాయి! శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదే కారణమని తేల్చలేకపోయారు. అలాంటి ప్రశ్నను వదలకుండా పట్టుకోవాలంటే ఆ నీళ్లు తాగిన ఇంటి పిల్లలే కావాలి.

ఈ చదువు ఒక్కోసారి మనల్ని కూడా నిలదీస్తుంది. ఫ్యాక్టరీ తప్పు చెప్పినట్టే మన తప్పూ చెబుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. పైరు తీసుకోగా మిగిలిందాంట్లో కొంత నైట్రేట్‌గా మారి మన బావుల్లోకే దిగుతుంది. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. ఈ మాట కూడా ఆ అమ్మాయే చెప్పింది. మాకు కాస్త కోపం వచ్చింది. తర్వాత నిజమే కదా అనుకున్నాం. లెక్క అందరికీ ఒకటే.

ఇక ఆ తమ్ముడి అసలు ప్రశ్న, దానితోని ఏమొస్తది? ఇక్కడ మేం తీపి మాటలు చెప్పం. అప్పు చేసి ఫీజు కట్టే రైతుకు అబద్ధం చెప్పకూడదు. డిగ్రీ కాగితం చేతిలో పడగానే ఉద్యోగం ఇంటికి రాదు. నీళ్లు, మట్టి పరీక్షించే ల్యాబుల్లో, ఫ్యాక్టరీల శుద్ధి కేంద్రాల్లో, వాటర్‌షెడ్ పనులు చేసే సంస్థల్లో పనులు ఉంటాయి. మొదట్లో జీతాలు తక్కువే. ఎం.ఎస్సీ. చేసి నెట్ రాస్తే అధ్యాపకులు కావచ్చు, నెట్‌లో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టుగానే ఉంది. కాలుష్యానికి సంబంధించిన ఇంజనీరు ఉద్యోగాలకు బీటెక్ అడుగుతారు. ఫ్యాక్టరీల కోసం నివేదికలు రాసే కన్సల్టెంట్ కంపెనీలు కూడా వీళ్లనే తీసుకుంటాయి. మన పిల్ల అటు పక్క కూర్చుని రాయొచ్చు. అప్పుడైనా కింది వైపు నమూనా మరిచిపోకుండా రాస్తుందని ఆశిద్దాం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు అర్హత ఉన్న సబ్జెక్టుల జాబితాలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణితం, గణాంక శాస్త్రం, భూగర్భ శాస్త్రం, పశువైద్యం, వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజనీరింగ్ ఉన్నాయి. పర్యావరణ శాస్త్రం ఒక్కటే చదివితే ఆ తలుపు తెరుచుకోదు. అందుకని డిగ్రీలో దీనికి తోడుగా రసాయన శాస్త్రమో, వృక్షశాస్త్రమో, భూగర్భ శాస్త్రమో ఉండేట్టు చూసుకోండి. వ్యవసాయ బీఎస్సీకి వెళ్లగలిగిన పిల్లలు వెళ్లాలి, అందులో రైతు పిల్లలకు కోటా ఉంది. కానీ ఆ సీట్లు కొన్నే. సీటు రాని పిల్లలకు బతుకు అక్కడితో అయిపోలేదు.

కాలేజీలో చేర్చే ముందు ఒకసారి మీరే వెళ్లి చూడండి. బోర్డు మీద కోర్సు పేరు చూసి మురిసిపోవద్దు. నాలుగు ప్రశ్నలు అడగండి. ల్యాబు ఉందా, తాళం తీసి చూపిస్తారా? ఈ సబ్జెక్టు చదివిన అధ్యాపకులు ఉన్నారా, వేరే సబ్జెక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నారా? ఏడాదిలో ఎన్నిసార్లు పిల్లల్ని చెరువులకు, పొలాలకు తీసుకెళ్తారు? పోయినేడు పాసైన వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? వీటికి జవాబు లేకపోతే అక్కడ చేర్చొద్దు. ఈ ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసి కొనేవాళ్లం, కాలేజీని చూసుకోలేమా?

ఆడపిల్ల విషయంలో ఇంకో మాట. "వాగులెంబడి తిరిగే చదువు ఆడపిల్లకెందుకు" అని ఆ తమ్ముడే అన్నాడు. తమ్ముడా, ఊళ్లో నీళ్ల కోసం బిందె పట్టుకుని తిరిగింది ఎవరు? చేలో కలుపు తీసేది, మందు కొట్టిన మడిలో వంగి నాట్లేసేది ఎవరు? నీళ్ల సంగతి ఆడపిల్లకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

చివరగా సంఘం తరఫున మూడు పనులు అనుకున్నాం. ఒకటి, ప్రతి గ్రామ కమిటీ ఈ ఏడు ఇంటర్ పాసైన పిల్లల జాబితా రాసి, దోస్త్ దరఖాస్తుల గడువు లోపల వాళ్లతో, వాళ్ల తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. రెండు, మండలంలో ఎక్కడ ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వచ్చినా, మొదటి వారంలోనే నివేదిక కాపీ సంఘం ఆఫీసుకు చేరాలి. అనుమతి వచ్చాక హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలుకు వెళ్లాలంటే 30 రోజులే గడువు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత చెన్నైలోని ధర్మాసనం తలుపు కొట్టినా లాభం లేదు. మూడు, ప్రతి ఊళ్లో ఒక వాన గేజీ పెట్టి, చదువుకునే పిల్లలతోనే రోజూ రాయించాలి. వాళ్లకు అదే మొదటి ల్యాబు అవుతుంది.

మా ఊరి ఆ అమ్మాయి ఇప్పుడు ఎం.ఎస్సీ. చదువుతోంది. పోయిన నెల సెలవులకు వచ్చినప్పుడు ఫ్యాక్టరీకి కింది వైపున్న మూడు బోర్ల నీళ్లు, చెరువు నీళ్లు సీసాల్లో పట్టి, పేర్లు రాసి, కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లింది. అందులో ఒక బోరు వాళ్ల నాయనదే. "మన బోరు నీళ్లు పాడైనయని తేలితే ఏం చేద్దాం బిడ్డా, మన వడ్లు ఎవరు కొంటరు?" అని వాళ్ల నాయన అడిగాడు. "తేలకుంటే మాత్రం తాగేది మనమే గదా నాయనా" అంది ఆ పిల్ల. ఫలితాలు రాగానే, మంచివైనా చెడ్డవైనా, ఈ పత్రికలోనే వేస్తాం.

సెలవు.